బెడ్‌రూంలో మొక్క: ఏది తెచ్చుకోవాలి, ఎట్లా బతికించుకోవాలి

హనుమకొండలో మా ఇంటికి ఎవరొచ్చినా రెండు ప్రశ్నలు ఖాయం. పెద్దవాళ్లేమో "పండుకునే అర్రల చెట్లు పెడితే రాత్రి గాలి ఖరాబైతదట గద బిడ్డా?" అంటారు. చిన్నవాళ్లేమో "అన్నా, నేను తెచ్చిన స్నేక్ ప్లాంట్ నెలకే మెత్తబడి ఒరిగిపోయింది, ఎందుకు?" అంటారు. మా చిన్నమ్మ అయితే వాట్సాప్‌లో పసుపుపచ్చ ఆకు ఫొటో పెట్టి ఊరుకుంటుంది. ప్రశ్న కూడా ఉండదు. ఆమెకు ఇప్పటికి ఒకే జవాబు పదిసార్లు ఇచ్చాను: నీళ్లు ఆపు చిన్నమ్మా. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఇది వరంగల్, హనుమకొండ, కాజీపేట, ఇటు కరీంనగర్, పెద్దపల్లి, మంచిర్యాల వైపు ఇళ్ల కోసం. బెంగళూరు వాళ్ల వీడియోల్లో చెప్పే "మూడు రోజులకోసారి ఒక గ్లాసు" లెక్కలు మనకు కుదరవు. వాళ్ల మే నెల వేరు, మన మే నెల వేరు.

ముందు గాలి సంగతి తేల్చేద్దాం. మొక్కలు రాత్రిపూట బొగ్గుపులుసు గాలి (కార్బన్ డయాక్సైడ్) వదలడం నిజమే. కానీ మనిషి రోజుకు దాదాపు 1 కిలో వదులుతాడు. కుండీలో మొక్క వదిలేది దాని పక్కన లెక్కలోకే రాదు. పక్కన పడుకున్న మనిషిని చూసి భయపడని వాళ్లు మనీ ప్లాంట్‌ను చూసి భయపడక్కర్లేదు.

దీనికి పూర్తిగా ఎదురు మాట ఇంకోటి ఉంది: ఈ మొక్క పెడితే గదిలో గాలంతా శుభ్రమవుతుందని. నర్సరీ వాళ్లు ఇదే చెప్పి అమ్ముతారు. 1989లో నాసా చేసిన ప్రయోగం నుంచి పుట్టిన మాట ఇది. ఆ ప్రయోగం గాలి చొరబడకుండా మూసేసిన పెట్టెల్లో జరిగింది. మన గదికి కిటికీ ఉంది, తలుపు కింద సందు ఉంది. 2019లో పాత ప్రయోగాలన్నీ కలిపి లెక్క కట్టిన పరిశోధకులు, మామూలు గాలి ఆడడం వల్ల జరిగే శుభ్రత మొక్కలతో రావాలంటే చదరపు మీటరుకు కనీసం 10 మొక్కలు కావాలని తేల్చారు. అంటే 10 అడుగులకు 10 అడుగుల గదిలో 90కి పైగా కుండీలు. మంచం బయట వేసుకోవాల్సిందే. కాబట్టి చూడ్డానికి బాగుంటుందని తెచ్చుకోండి, పొద్దున లేవగానే పచ్చగా కనిపిస్తుందని తెచ్చుకోండి. అది చాలు.

కావాల్సినవి

- అడుగున రంధ్రం ఉన్న కుండీ, కింద ఒక ప్లేటు. రంధ్రం లేని పింగాణీ కుండీ ముచ్చటపడి కొని ఉంటే, మొక్కను ప్లాస్టిక్ కుండీలో పెట్టి దాన్ని ఇందులో దించండి.
- ఎర్రమట్టి (చెల్క మట్టి), కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), వర్మీకంపోస్ట్ (వానపాముల ఎరువు), గరుకు ఇసుక.
- ఒక కొబ్బరి ఈనె లేదా పొడుగు పుల్ల. ఈ జాబితాలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.
- వేపనూనె, ఒక స్ప్రే బాటిల్, మెత్తటి పాత నూలు బట్ట.

తేమ చూసే మీటర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. నేను ఒకటి కొన్నాను. తడి మట్టిలో గుచ్చినా పొడి మట్టిలో గుచ్చినా ముల్లు ఒకే చోట నిలబడింది. పుల్లే నయం.

1. మొక్క కన్నా ముందు గదిని చూడండి

మధ్యాహ్నం 12 గంటలకు గదిలో లైట్లన్నీ ఆర్పేయండి. కిటికీ తెర మీరు రోజూ ఎట్లా ఉంచుతారో అట్లాగే ఉంచండి. ఈ పరీక్ష కోసం తెర పక్కకు లాగితే మిమ్మల్ని మీరే మోసం చేసుకున్నట్టు, ఎందుకంటే ఏప్రిల్ వచ్చాక రోజంతా అది మూసే ఉంటుంది. కుండీ పెట్టాలనుకున్న చోట ఒక తెల్ల కాగితం పెట్టి, దాని మీద అడుగు ఎత్తులో చెయ్యి చాపండి.

నీడ అంచులు స్పష్టంగా కనిపిస్తే మంచి వెలుతురు. మసకగా చెయ్యి ఆకారం తెలిస్తే మధ్యరకం. నీడే పడకపోతే అక్కడ మొక్క బతకదు, కొన్ని నెలలు తీసుకుని మెల్లగా చనిపోతుంది. ఆ కొన్ని నెలలే అందర్నీ మోసం చేస్తాయి. "మొన్నటిదాకా బాగానే ఉండె" అంటారు.

దోమల జాలీ కూడా వెలుతురును బాగానే తింటుంది, దుమ్ము పట్టిన జాలీ ఇంకా ఎక్కువ. ఒకసారి దులిపి మళ్లీ చూడండి. మా గదిలో జాలీ కడిగాక నీడ లేని చోట నీడ వచ్చింది.

తూర్పు కిటికీ ఉంటే అదృష్టం, దాదాపు ఏదైనా పెట్టొచ్చు. పడమటి కిటికీ అయితే మార్చి నుంచి జూన్ దాకా కుండీని మూడు నాలుగు అడుగులు లోపలికి జరపాలి. లేకపోతే సాయంత్రం ఎండకు ఆకు మీద కాగితం కాలినట్టు మచ్చలు వస్తాయి. దక్షిణం కిటికీలోంచి చలికాలంలోనే ఎండ లోపలికి వస్తుంది. మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు కాబట్టి ఆ రోజుల్లో ఉత్తరం కిటికీకే పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ తగులుతుంది. "ఉత్తరం కిటికీ కదా, ఎండ రాదు" అని అద్దానికి ఆనించి పెట్టకండి.

నీడ పడని గది అయితే రెండు దారులున్నాయి. మొదటిది, ఒకే రకం మొక్కలు రెండు కొని ఒకటి బాల్కనీ నీడలో, ఒకటి గదిలో ఉంచి రెండు వారాలకోసారి మార్చడం. రెండోది, తెల్ల ఎల్‌ఈడీ బల్బు మొక్కకు అడుగు దూరంలో రోజుకు 10 నుంచి 12 గంటలు వెలిగించడం. నాకు మొదటిదే ఇష్టం, బల్బు ఆర్పడం ఎవరికీ గుర్తుండదు, తర్వాత నిద్ర పాడైందని మొక్కను తిడతారు.

2. గదికి సరిపోయే మొక్కను ఎంచుకోండి

*మసక వెలుతురు (నీడ పడీ పడనట్టు ఉండే చోటు), మతిమరుపు మనిషి:* స్నేక్ ప్లాంట్ లేదా జెడ్‌జెడ్ ప్లాంట్. జెడ్‌జెడ్ మొక్కకు మట్టిలో ఆలుగడ్డల్లాంటి దుంపలుంటాయి, నీళ్లు వాటిలో దాచుకుంటుంది. మీరు నెల మరిచినా ఏమీ కాదు. ఈ రెండూ ఎండకు చావవు, నీడకు చావవు, మీ ప్రేమకు చస్తాయి. స్నేక్ ప్లాంట్‌కు కొన్ని లేబుళ్ల మీద సాన్సెవేరియా అని, కొన్నిటి మీద డ్రసీనా అని ఉంటుంది. కంగారు పడకండి. 2017లో శాస్త్రవేత్తలు దాన్ని డ్రసీనా ప్రజాతిలో (జీనస్) కలిపారు, మొక్క అదే.

*మధ్యరకం వెలుతురు:* మనీ ప్లాంట్, ఆకుపచ్చ అగ్లోనిమా, సింగోనియం. మనీ ప్లాంట్‌లో పూర్తి ఆకుపచ్చది నీడకు తట్టుకుంటుంది. తెల్ల మచ్చలది ముచ్చటగా ఉంటుంది కానీ నీడలో మచ్చలు పోయి మామూలు ఆకుపచ్చగా మారుతుంది. ఎర్ర అగ్లోనిమాకు కూడా అదే జబ్బు, వెలుతురు తగ్గితే ఎరుపు వెలిసిపోతుంది.

*మంచి వెలుతురు, రోజూ మొక్కను చూసే అలవాటు:* పీస్ లిల్లీ, స్పైడర్ ప్లాంట్. పీస్ లిల్లీ నాకు ఇష్టం. దాహం వేస్తే ఆకులన్నీ అలిగిన పిల్లలా కిందికి వాల్చేస్తుంది, నీళ్లు పోశాక కొన్ని గంటల్లో లేచి నిలబడుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇంతకన్నా మంచి టీచర్ దొరకదు.

అరెకా పామ్ గురించి చాలామంది అడుగుతారు. హాల్‌లో సరే. బెడ్‌రూంకు నేను వద్దంటాను, చోటు ఎక్కువ తింటుంది, ఏసీ గాలికి ఆకు కొసలు ఎండుతాయి, ఎండాకాలం ఎర్రనల్లి పురుగు పడుతుంది.

తులసి, మల్లె, గులాబీ, కలబంద గదిలో వద్దు. ఇవి ఎండ మొక్కలు. కలబంద గదిలో చావదు కానీ వెలుతురు కోసం సాగి, సన్నబడి, కుండీ అంచు మీద వాలిపోతుంది.

పిల్లలు, పిల్లులు ఉన్న ఇల్లా? అయితే ఇది తప్పకుండా చదవండి. మనీ ప్లాంట్, పీస్ లిల్లీ, జెడ్‌జెడ్, అగ్లోనిమా, సింగోనియం, డైఫెన్‌బేకియా ఆకుల్లో సూదుల్లాంటి సన్నటి స్ఫటికాలుంటాయి. నమిలితే నోరు, నాలుక మండి వాస్తాయి. వీటిలో డైఫెన్‌బేకియా మరీ ప్రమాదం. దాన్ని పాకే పిల్లలున్న ఇంట్లో అసలు పెట్టొద్దు. స్నేక్ ప్లాంట్ తిన్నా వాంతులవుతాయి. ఒకవేళ పిల్లలు నమిలితే నోట్లో ముక్కలు తీసేసి, నీళ్లతో నోరు కడిగి, వెంటనే డాక్టర్‌కు చూపించండి. వెళ్లేటప్పుడు ఆ ఆకు ఒకటి తీసుకెళ్లండి. చిన్నపిల్లలున్న వాళ్లు స్పైడర్ ప్లాంట్‌తో సరిపెట్టుకోండి, అది విషం కాదు, పిల్లికి కూడా.

3. నర్సరీలో ఏం చూడాలి

పెద్ద మొక్క కాదు, ఆరోగ్యమైన చిన్న మొక్క కొనండి. చిన్నది మీ గదికి అలవాటు పడుతుంది, పెద్దది అలుగుతుంది.

ఆకు తిప్పి కింద చూడండి. ఆకు కాండంతో కలిసే మూలలో తెల్ల దూదిలాంటిది ఉంటే అది పిండినల్లి. "కడిగితే పోతది సార్" అంటారు, పోదు. మొదలు పట్టుకుని మెల్లగా కదపండి, మొక్క కుండీలో గిలగిల ఊగితే వేర్లు లేవన్నట్టు. ఆకులు నూనె రాసినట్టు మెరుస్తుంటే ఏదో పాలిష్ కొట్టారని అర్థం. స్నేక్ ప్లాంట్ అయితే మట్టి దగ్గర ఆకు మొదలును వేళ్లతో నొక్కండి, గట్టిగా ఉండాలి.

ఎండాకాలం కొనడం తప్పకపోతే సాయంత్రం వెళ్లండి. మధ్యాహ్నం బండి వెనక కట్టుకుని కాజీపేట నుంచి హనుమకొండ వచ్చేసరికి వడగాలికి ఆకు ఉడికిపోతుంది. దాని ఫలితం రెండు రోజుల తర్వాత కనిపిస్తుంది, మీరేమో మీ గదిని అనుమానిస్తారు.

4. తెచ్చిన వెంటనే ఏమీ చేయకండి

మన నర్సరీలకు వచ్చే సరుకులో చాలావరకు గోదావరి గట్టు మీది కడియం నుంచి వస్తుంది. అక్కడ తేమ గాలిలో, గ్రీన్‌నెట్ కింద పెరిగిన మొక్క, మన పొడిగాలికి రాగానే రెండు మూడు ఆకులు రాల్చడం మామూలే. అప్పుడు కంగారుపడి ఎరువు వేయడం, కుండీ మార్చడం, నీళ్లు రెట్టింపు చేయడం ఈ మూడూ చేస్తే మూడోరోజుకు మీ చేతుల్లోనే పోతుంది.

రెండు వారాలు పాత మొక్కలకు దూరంగా, వేరే గదిలో నీడలో ఉంచండి. పురుగుంటే ఈ లోపు బయటపడుతుంది. మట్టి ఆరితేనే నీళ్లు. అంతే.

5. మట్టి మార్చడం

సరైన కాలం మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడ్డాక మొదలై బతుకమ్మ పండుగ దాకా. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ రోజుల్లో వేర్లను కదిలించొద్దు. డిసెంబర్, జనవరి చలిలోనూ వద్దు.

నర్సరీ మొక్కను కవర్‌లోంచి తీస్తే లోపల బంక ఎర్రమట్టి ముద్ద ఉంటుంది. లారీలో కదలకుండా ఉండటానికి వాళ్లకు అది పనికొస్తుంది. మనింట్లో అది ఒకసారి ఎండితే ఇటుక అవుతుంది. తర్వాత మీరు పోసిన నీళ్లు ఆ ఇటుక పక్కనుంచి జారి ప్లేటులోకి వస్తాయి. ప్లేటు నిండింది కదా అని మీరు సంతోషిస్తారు, లోపల వేరుకు చుక్క అందదు.

అందుకే:

ఆ ముద్దను బకెట్ నీళ్లలో పావుగంట నానబెట్టండి. వేళ్లతో అంచుల నుంచి మెల్లగా విడదీయండి, సగానికి పైగా మట్టి పోతే చాలు. కొన్నిసార్లు మధ్యలో చిన్న ప్లాస్టిక్ జాలీ కప్పు దొరుకుతుంది. వేర్లు దాన్ని పెనవేసుకుని ఉంటాయి. కత్తెరతో కప్పును కత్తిరించి తీసేయండి, వేర్లను లాగొద్దు. నల్లగా, మెత్తగా, వాసన వచ్చే వేర్లు కోసేయండి. తెల్లవి, లేత గోధుమరంగువి మంచివి.

మట్టి కలపడం: ఎర్రమట్టి 2 పాళ్లు, కోకోపీట్ 1, వర్మీకంపోస్ట్ 1, గరుకు ఇసుక 1. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ అయితే ఇసుక రెట్టింపు, కంపోస్ట్ సగం. కోకోపీట్ ఇటుకను నానబెట్టి, ఒకసారి నీళ్లు పిండేసి వాడండి, అందులో ఉప్పు ఉంటుంది.

ఇసుక దొరక్క చాలామంది పక్కన కట్టే ఇంటి దగ్గర్నుంచి రోబో సాండ్ తెస్తారు. వాడొచ్చు, కానీ రాతిపొడి పోయేదాకా మూడు నాలుగుసార్లు కడగాలి. కడగకుండా కలిపితే మెత్తటి పొడి సందులన్నీ పూడ్చేసి సిమెంటులా బిగుసుకుంటుంది. మన చుట్టూ రైస్ మిల్లులకు కొదవ లేదు కాబట్టి కాల్చిన నల్ల ఊక దొరికితే ఇసుకకు బదులు అది ఇంకా మంచిది, కుండీ తేలికగా ఉంటుంది. పచ్చి ఊక వద్దు, అది కుళ్లేటప్పుడు మట్టిలో నత్రజనిని లాగేసుకుంటుంది. చేను నుంచి తెచ్చిన నల్లరేగడి పత్తికి బంగారం, బెడ్‌రూం కుండీకి శత్రువు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది.

కుండీ అడుగున కంకర రాళ్లు పరిచే అలవాటు మానేయండి. నీళ్లు రాళ్లలోకి దిగకుండా పైన మట్టిలోనే ఆగుతాయి, పైగా వేర్లకు చోటు తగ్గుతుంది. రంధ్రం మీద ఒక పెంకు ముక్క లేదా జాలీ ముక్క చాలు. కుండీ వేరుముద్ద కన్నా ఒకటి రెండు అంగుళాలే పెద్దది ఉండాలి. "ఎట్లాగూ పెరుగుతుంది కదా" అని పెద్ద కుండీలో పెడితే అవసరానికి మించిన మట్టి తడిగానే ఉండి వేరు కుళ్లుతుంది.

సరిగ్గా కుదిరిందో లేదో చూడటం: నాటాక నిండుగా నీళ్లు పోయండి. ఒకటి రెండు నిమిషాల్లో కింద రంధ్రంలోంచి కారాలి. ఐదు నిమిషాలైనా పైన నీళ్లు నిలిచి ఉంటే మొహమాటం లేకుండా మొక్క తీసి, ఇంకో వంతు ఇసుక కలిపి మళ్లీ నాటండి. ఇప్పుడు బద్ధకిస్తే రెండు నెలల తర్వాత మొక్కే ఉండదు.

6. నీళ్లు

అసలు కథ ఇక్కడే. బెడ్‌రూంలో ఎండ తక్కువ, గాలి తక్కువ. బాల్కనీలో రెండు రోజుల్లో ఆరే మట్టి ఇక్కడ వారమైనా ఆరదు. ఇంట్లో అందరూ "పాపం మొక్క" అని తలా ఒక చెంబు పోస్తారు. మా ఇంట్లో మొదటి స్నేక్ ప్లాంట్ అట్లాగే పోయింది. పొద్దున అమ్మ, సాయంత్రం నేను, ఒకరికి తెలియకుండా ఒకరం. పైకి పచ్చగానే ఉంది. ఒకరోజు ఆకు పట్టుకుంటే దోసకాయ తొక్కలా చేతికి ఊడి వచ్చింది, మొదట్లో గోధుమరంగు గుజ్జు, మురిగిన ఉల్లిగడ్డ వాసన. నీళ్లు పోసే బాధ్యత ఇంట్లో ఒక్కరికే ఇవ్వండి.

పద్ధతి ఇది. ఈనెను కుండీ అంచు దగ్గర అడుగుదాకా గుచ్చి, ఐదు నిమిషాలాగి తీయండి. తడి మరక ఉంటే, మట్టి అంటుకుంటే, ఆ రోజు నీళ్లు లేవు. పొడిగా వస్తే పోయండి. మనీ ప్లాంట్, పీస్ లిల్లీ లాంటి వాటికి పైన రెండు అంగుళాలు ఆరితే చాలు, స్నేక్ ప్లాంట్‌కు, జెడ్‌జెడ్‌కు అడుగుదాకా ఆరాలి. పోసేటప్పుడు కింద కారేదాకా పోయండి, రోజూ అర గ్లాసు చిలకరింపు వద్దు. పావుగంట తర్వాత ప్లేటులో నీళ్లు పారబోయండి.

ఆరంగుళాల కుండీకి నా గదిలో లెక్క ఇట్లా ఉంటుంది. స్నేక్ ప్లాంట్‌కు మే నెలలో రెండు వారాలకోసారి, వానల్లో మూడు వారాలకు, చలికాలంలో నెలకు. మనీ ప్లాంట్‌కు మేలో నాలుగైదు రోజులు, వానల్లో వారం పైన, చలికాలంలో పది రోజులు. పీస్ లిల్లీకి మేలో రెండు మూడు రోజులకే కావాలి. మీ గదిలో ఇది మారుతుంది, కాబట్టి తేదీని కాదు, పుల్లను నమ్మండి.

ఏ నీళ్లు? మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. గీజర్‌లో, కుళాయి మూతికి పట్టే తెల్ల పొరే కుండీ అంచుకూ పడుతుంది, ఆకు కొసలు ఎండుతాయి. స్పైడర్ ప్లాంట్ ఫ్లోరైడ్‌కు ఇంకా తొందరగా అలుగుతుంది. వాన నీళ్లు పట్టుకుంటే అన్నిటికన్నా మేలు. ఏసీ పైపులోంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు, బకెట్ పెట్టి పట్టుకోండి, ఎండాకాలం అంతా మొక్కలకు అవే సరిపోతాయి. ఆర్ఓ ఫిల్టర్ వదిలే వేస్ట్ నీళ్లు మాత్రం వద్దు, బోరులోని ఉప్పంతా చిక్కబడి వచ్చేది అందులోనే. బోరు నీళ్లే గతి అయితే రెండు నెలలకోసారి కుండీని బాత్రూంలో పెట్టి, కుండీకి మూడింతల నీళ్లు మెల్లగా పోసి ఉప్పు కడిగేయండి.

దోమలు: ఇది తేలిగ్గా తీసుకోవద్దు. సీసాలో నీళ్లు పోసి మనీ ప్లాంట్ పెట్టడం అందరికీ ఇష్టం. నేనూ మంచం తల దగ్గర ఒక గాజు సీసా పెట్టాను. ఒకరోజు లైట్ వెలుగులో చూస్తే వేర్ల మధ్య పురుగులు పైకీ కిందికీ ఎగురుతున్నాయి. డెంగీ దోమను తల దగ్గర పెంచుకుంటున్నానన్నమాట. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే నాలుగైదు రోజులకోసారి నీళ్లు మార్చాలి, ఊరికే పారబోస్తే చాలదు, గుడ్లు సీసా గోడకు అంటుకుని ఉంటాయి కాబట్టి లోపల బ్రష్‌తో రుద్ది, వేర్లు కూడా కడగాలి. సీసా మూతిని వేర్ల చుట్టూ దూదితో మూస్తే ఇంకా మంచిది. వానాకాలం ఈ పని చేయలేమనుకుంటే మట్టిలోకి మార్చేయండి.

7. కూలర్, ఏసీ, ఫ్యాన్

మన దగ్గర ఎండాకాలం 43, 44 డిగ్రీలు మామూలు మాట. కూలర్ ఉన్న గదిలో తేమ ఉంటుంది కాబట్టి మొక్క సుఖంగానే ఉంటుంది, కానీ నేరుగా కూలర్ ముందు పెడితే ఆకులు చిరుగుతాయి. కూలర్ నడిచే రోజుల్లో మట్టి కూడా మెల్లగా ఆరుతుంది, నీళ్లు తగ్గించండి. ఏసీ ఇందుకు పూర్తిగా ఎదురు, గాలిని పొడి చేస్తుంది. ఏసీ గాలి తగిలే దారిలోంచి కుండీని తప్పించండి. ఆకు మీద రోజూ నీళ్లు చల్లితే తేమ పెరుగుతుందంటారు, అరగంటలో ఆరిపోతుంది, బోరు నీళ్లయితే తెల్ల మచ్చలు మిగులుతాయి. రెండు మూడు కుండీలు దగ్గర దగ్గరగా పెట్టడం దానికన్నా మేలు.

రాత్రి ఏసీ చలికి, పగలు కరెంటు పోయాక గది ఉడుకుకు మధ్య మొక్క నలుగుతుంది. స్లాబ్ కింది పైఅంతస్తు గది అయితే మే నెల రెండు వారాలు కుండీలను కింది హాల్‌కు దించేయడమే తెలివైన పని.

8. తుడవడం, ఎరువు, పురుగులు

రెండు వారాలకోసారి తడి బట్టతో ఆకుల దుమ్ము తుడవండి, కింద చెయ్యి ఆనించి. కొబ్బరినూనె, పాలు, బీరు రాయొద్దు, నిగనిగ రెండు రోజులే ఉంటుంది, దుమ్ము మాత్రం ఇంకా అంటుకుంటుంది.

ఎరువు జూన్ నుంచి అక్టోబర్ దాకా నెలకోసారి ఒక గుప్పెడు వర్మీకంపోస్ట్. చలికాలం, నడి ఎండాకాలం ఏమీ వద్దు. టీ పొడి, గుడ్డు పెంకులు, బియ్యం కడిగిన నీళ్లు గదిలో మొక్కలకు వేయకండి. బయట తోటలో సరే, గదిలో వాసన, బూజు, చిన్న నల్ల ఈగలు వస్తాయి.

పురుగు కనిపిస్తే లీటరు గోరువెచ్చని నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల గిన్నెల సబ్బు బాగా కలిపి, ఆకు కింద కూడా తడిచేలా సాయంత్రం బయట కొట్టండి. వారానికోసారి, మూడుసార్లు. ఆ రాత్రి కుండీని గదిలోకి తేవద్దు, వాసనకు నిద్ర పట్టదు.

ఏమైందో ఎట్లా తెలుస్తుంది

కింది ఆకులు పసుపు, మట్టి తడి: నీళ్లు ఎక్కువ. ఆపి, కుండీని గాలి ఆడే చోట పెట్టండి. పది రోజులైనా ఆరకపోతే మొక్క తీసి వేర్లు చూడాల్సిందే.

ఆకు వాలింది, మట్టి పొడి, కుండీ తేలిక: దాహం. ఆకు వాలింది, మట్టి తడి: వేరు కుళ్లింది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి, చాలామంది రెండో దానికి ఇంకో చెంబు పోసి చంపేది ఇక్కడే.

కొసలు మాత్రమే ఎండాయి: ఉప్పు నీళ్లు లేదా ఏసీ గాలి. ఎండిన కొసను కత్తెరతో ఆకు ఆకారంలోనే కత్తిరించుకోవచ్చు.

తీగ పొడుగ్గా సాగి, ఆకుల మధ్య దూరం పెరిగింది, కొత్త ఆకులు చిన్నవి: వెలుతురు చాలట్లేదు. ఎరువుతో ఇది బాగుపడదు.

కుళ్లిన స్నేక్ ప్లాంట్‌ను పారేయకండి. పైన గట్టిగా ఉన్న ఆకును నాలుగంగుళాల ముక్కలు కోసి, రెండు రోజులు నీడలో ఆరబెట్టి, కింది వైపు కిందికే ఉండేలా ఇసుక మట్టిలో గుచ్చండి. తలకిందులైతే వేర్లు రావు, కోసేటప్పుడే పెన్నుతో గుర్తు పెట్టుకోండి. ఓపిక కావాలి, పిలకలు రావడానికి నెలలు పడుతుంది. మనీ ప్లాంట్ అయితే కణుపు కింద కోసి నాటండి. కణుపు లేని ఒట్టి ఆకు నీళ్లలో ఎన్నాళ్లున్నా మొక్క కాదు.

అంతా సవ్యంగా ఉందా అని చూసుకోవాలంటే మొదటి రోజు ఒక ఫొటో తీసి పెట్టుకోండి, మూడు నెలల తర్వాత అదే చోటు నుంచి ఇంకోటి తీయండి. వానాకాలంలో మనీ ప్లాంట్‌కు కనీసం కొన్ని కొత్త ఆకులు రావాలి. స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ అయితే ఒక్క కొత్త మొలక వచ్చినా గెలిచినట్టే, అసలేమీ రాకుండా పాతవి గట్టిగా ఉన్నా ఫర్వాలేదు.

ఊరికి వెళ్తే

మేడారం జాతరకు నాలుగు రోజులు వెళ్తే ఏమీ చేయక్కర్లేదు, అది మాఘమాసం, మట్టి ఆరదు. ఎండాకాలం సెలవుల్లో రెండు వారాలు వెళ్తేనే చూసుకోవాలి. వెళ్లే ముందు రోజు నిండుగా నీళ్లు పోసి, ప్లేటు పారబోసి, కుండీలన్నిటినీ కిటికీకి దూరంగా, తూర్పు వైపు గదిలో నేల మీద ఒకచోట చేర్చండి. పీస్ లిల్లీ ఉంటే పక్కన బకెట్‌లో నీళ్లు కొంచెం ఎత్తులో పెట్టి, నూలు తాడు ఒక కొస నీళ్లలో, ఒక కొస మట్టిలో పూడ్చండి, మెల్లగా పీల్చుకుంటుంది. బకెట్ మీద మూత పెట్టడం మరవొద్దు, దోమల సంగతి పైన చెప్పాను. పక్కింటి వాళ్లకు తాళం చెవి ఇచ్చి "కొంచెం నీళ్లు పోయండి అక్కా" అని మాత్రం చెప్పకండి. మనమీది గౌరవంతో వాళ్లు రోజూ పోస్తారు.